23 రకాల తూటాలు, ఒక్క సంచి: నా గేమ్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈరోజు ఎక్సెల్ షీటు తెరిచి తూటాల జాబితా రాయడం మొదలుపెట్టాను. పడుకునే వేళకి 23 రకాలు తేలాయి. పిస్టల్‌కి నాలుగు, రైఫిల్‌కి ఎనిమిది, షాట్‌గన్‌కి ఐదు, లేజర్‌కి మూడు, విల్లుకి రెండు, ఆకాశంలోకి వెలుగు సంకేతం పేల్చే ఫ్లేర్ గన్‌కి ఒకటి. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

గేమ్ గురించి రెండు ముక్కలు రాసిపెట్టుకుంటాను, తర్వాత చదువుకుంటే గుర్తుండాలి కదా. ప్రపంచం నాశనమైన 40 ఏళ్ళకి ఒక మనిషి, వీపున ఒక సంచి, ముందు ఒక రోడ్డు. పైనుంచి చూసే గళ్ళ మ్యాపు, వంతులవారీగా ఆడే టర్న్ పద్ధతి, గేమ్ తయారీకి గోడో (Godot) అనే సాఫ్ట్‌వేర్. కోడు రాసేది నేనొక్కణ్ణే, అదీ ఆఫీసు పని అయ్యాక. బొమ్మలు ఒక స్నేహితుడు వేస్తాడు. ఆడి తిట్టే పని మా తమ్ముడిది. నడక, తలుపులు, సంచి, మాటలు అన్నీ నడుస్తున్నాయి. కాల్చడం మాత్రం ఇప్పటిదాకా ఒకే రకం తూటాతో లాగించేశాను. ఇక దాని పని పట్టాలి.

40 ఏళ్ళే ఎందుకంటే, ఫాల్అవుట్ 3 అనే గేమ్‌లో ప్రపంచాన్ని నాశనం చేసిన యుద్ధం 2077లో జరిగితే కథ నడిచేది 2277లో. 200 ఏళ్ళ తర్వాత కూడా ప్రతి డెస్కు సొరుగులోనూ పేలే తూటాలు దొరకడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఆ గేమ్ అంటే ప్రాణమే, అయినా సరే. పొడిగా, చల్లగా దాచిన తూటా దశాబ్దాలు నిలుస్తుంది. కాబట్టి 40 ఏళ్ళంటే నమ్మొచ్చు.

2వ రోజు

తమ్ముడికి జాబితా చూపించాను. కిందిదాకా స్క్రోల్ చేసి ఒక్కటే అడిగాడు: "అన్నయ్యా, వీటిలో నేను ఏది పారేస్తాను?"

"పారేయడం ఎందుకు? అన్నీ దాచుకో" అన్నాను.

"అన్నీ దాచుకునేటప్పుడు ఇన్ని రకాలెందుకు మరి?"

కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

4వ రోజు

పాత గేములు ఈ లెక్క ఎలా వేశాయో కాగితం మీద విప్పి చూద్దామని కూర్చున్నాను. 1997 నాటి మొదటి ఫాల్అవుట్‌తో మొదలు.

అందులో కవచానికి రెండు అంకెలుంటాయి. ఒకటి గడప: డ్యామేజీలోంచి, అంటే దెబ్బ బలంలోంచి, నేరుగా తీసేసే సంఖ్య. రెండోది శాతం: మిగిలినదాంట్లో ఎంత కోత పడుతుందో చెప్పేది. తూటా రకం ఈ రెంటినీ కాస్త అటూ ఇటూ మారుస్తుంది. 10 ఎంఎం పిస్టల్ 5 నుంచి 12 దాకా కొడుతుంది. దానికి రెండు రకాల తూటాలు. మొన గుల్లగా ఉండే జేహెచ్‌పీ డ్యామేజీని రెట్టింపు చేస్తుంది, కానీ ఎదుటివాడి శాతానికి 25 కలుపుతుంది. కవచాన్ని చీల్చే ఏపీ శాతంలో 25 తగ్గిస్తుంది, కానీ డ్యామేజీని సగం చేస్తుంది.

చదవడానికి న్యాయంగానే ఉంది. ఇప్పుడు మెటల్ ఆర్మర్ వేసుకున్నవాణ్ణి కొడదాం. వాడి గడప 4, శాతం 30. మనకి పాచిక బాగా పడి 12 వచ్చిందనుకుందాం.

జేహెచ్‌పీ అయితే 12 రెట్టింపై 24. గడప పోతే 20. శాతం 55 అయింది కాబట్టి మిగిలేది 9.

ఏపీ అయితే 12 సగమై 6. గడప పోతే 2. శాతం 5కి తగ్గింది కాబట్టి దాదాపు 2.

కవచం మీద వాడమని చేసిన తూటా కవచం మీదే 2 కొడుతోంది, కవచం మీద వాడొద్దన్నది 9 కొడుతోంది! పవర్ ఆర్మర్ మీద ఇంకా అన్యాయం. దాని గడప 12, శాతం 40. ఏపీ 6 దగ్గరే ఆగి గడప దాటదు, అంటే సున్నా. జేహెచ్‌పీ మాత్రం 4 కొట్టి బయటపడుతుంది. చిన్నప్పుడు ఏపీ తూటాలన్నీ పెద్ద యుద్ధాల కోసమని దాచిదాచి, చివర్లో అవే లోడ్ చేసుకుని చచ్చేవాణ్ణి. నా గురి బాగాలేదనుకునేవాణ్ణి. గురి కాదు, లెక్క.

తప్పు అంకెల్లో లేదు, వరసలో ఉంది. సగం చేయడం ముందు, గడప తీయడం తర్వాత. చిన్న సంఖ్యని ముందే సగం చేస్తే గడప దగ్గర ఇక మిగిలేదేముంది? అదే ముందు గడప తీసి తర్వాత సగం చేసుంటే మెటల్ ఆర్మర్ మీద 12లోంచి 4 పోయి 8, సగమై 4, శాతం పోతే 3.8. గొప్పగా లేకపోయినా అవమానం తప్పేది. ఈ ఒక్క మాట షీటులో మొదటి గడిలో పెద్దక్షరాలతో రాసుకున్నాను: ముందు తీసివేత, తర్వాత గుణింతం.

6వ రోజు

2010లో వచ్చిన ఫాల్అవుట్ న్యూ వేగాస్ విప్పాను. తూటాల మీద ఇంత మనసు పెట్టిన గేమ్ ఈ తరహాలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఫాల్అవుట్ 3లో కవచమంటే శాతమే. న్యూ వేగాస్ చేసిన అబ్సీడియన్ వాళ్ళు గడపని మళ్ళీ తెచ్చారు. ఏపీ గడపని తగ్గిస్తుంది. గుల్లమొన డ్యామేజీ పెంచుతూ గడపని మూడు రెట్లు చేస్తుంది. ఎంత మందపాటి కవచమైనా దెబ్బలో కనీసం 20 శాతం లోపలికి దిగుతుంది. సర్‌ప్లస్ తూటాలు, అంటే మిగులు సరుకు, తుపాకీని త్వరగా అరగదీస్తాయి. లేజర్ల ఓవర్‌చార్జ్ సెల్సూ (ఎక్కువ చార్జి ఎక్కించిన బ్యాటరీలు) అంతే, దెబ్బ పెరుగుతుంది, ఆయుధం అరుగుతుంది. షాట్‌గన్‌లో ఒక వర్గం వాళ్ళ నాణేలనే గుళ్ళుగా కూరి పేల్చే తూటా కూడా ఉంది. డబ్బుని అక్షరాలా కాల్చేయడం! దీనికి మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

రీలోడింగ్ బెంచీ, అంటే తూటాలు విప్పి మళ్ళీ కట్టుకునే బల్ల, ఇంకో ముచ్చట. కాల్చని తూటా విప్పితే కేసు, మందుని అంటించే ప్రైమర్, మందు, సీసం విడివిడిగా వస్తాయి. వాటితో అవసరమైన రకం కట్టుకోవచ్చు. అంటే అక్కర్లేని తూటా చెత్త కాదు, ముడిసరుకు.

2015 నాటి ఫాల్అవుట్ 4లో ఇదంతా ఎత్తేశారు. ఒక తుపాకీకి ఒక తూటా, తేడా అంతా తుపాకీకి తగిలించే భాగాల్లో. ఆడటానికి హాయిగానే ఉంటుంది, కాదనను. కాకపోతే సంచి తెరిచి రెండు నిమిషాలు ఆలోచించే సుఖం పోయింది.

7వ రోజు

నా సూత్రం కుదిరింది. దెబ్బలోంచి గడప తీయి, మిగిలినదాన్ని రకం గుణకంతో గుణించు, ఎంత తక్కువైనా దెబ్బలో 20 శాతానికి తగ్గనివ్వకు. ఈ చివరి నియమం న్యూ వేగాస్‌లోంచి ఎత్తుకొచ్చిందే.

రైఫిల్ దెబ్బ 20. శత్రువులు మూడు రకాలు: అడవి కుక్క, గడప 0. తోలు చొక్కా దొంగ, గడప 4. ఇనప రేకులు కట్టుకున్న కాపలావాడు, గడప 14.

సాదా తూటా: కుక్క మీద 20, దొంగ మీద 16, కాపలావాడి మీద 6.

ఏపీ గడపలో 10 తగ్గిస్తుంది, గుణకం 0.8. కుక్క మీద 16, దొంగ మీద 16, కాపలావాడి మీద దాదాపు 13.

గుల్లమొన గడపని మూడింతలు చేస్తుంది, గుణకం 1.5. కుక్క మీద 30, దొంగ మీద 12, కాపలావాడి మీద కనీసం కింద 4.

ఈ తొమ్మిది అంకెల్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మూడు రకాలూ మూడు దిక్కులకి లాగుతున్నాయి, బాగుంది. కానీ సాదా తూటా ఎక్కడా గెలవట్లేదు. దొంగ మీద ఏపీతో సమానం, అంతే. గడప సరిగ్గా 3 ఉంటే సాదా 17, గుల్లమొన 16.5, ఏపీ 16. ఆ ఒక్క సందులో వెంట్రుకవాసి తేడాతో గెలుస్తుంది.

మొదట దీన్ని లోపం అనుకుని సాదాకి ఏదైనా ప్రత్యేకత తగిలించబోయాను. తర్వాత చేయి వెనక్కి తీసుకున్నాను. సాదా తూటా గెలవాల్సింది దెబ్బలో కాదు, లెక్కలో. అది 60 దొరకాలి, మిగతావి ఐదూ పదీ దొరకాలి. అప్పుడు ఏపీ తీసినప్పుడల్లా చేయి కాస్త వణకాలి.

9వ రోజు

ఈరోజు జరిగింది రాసుకోకపోతే నిద్ర పట్టదు.

తమ్ముడు సేవ్ చేసి, టీ తాగొచ్చి, లోడ్ చేశాడు. ఆరోగ్యం 80 ఉండాల్సింది 14 ఉంది. మళ్ళీ లోడ్ చేశాడు, 14. రెండు గుల్లమొన తూటాలు కాల్చి సేవ్ చేసి లోడ్ చేస్తే 12. "అన్నయ్యా, నేను కాల్చుకుంటే నాకే తగులుతోంది" అన్నాడు.

రెండు గంటలు వెతికాను. సేవ్ ఫైల్లో ఆరోగ్యానికి పెట్టిన పేరు హెచ్‌పీ, అంటే హిట్ పాయింట్స్. గుల్లమొన తూటాల సంఖ్యకి పెట్టిన పేరూ హెచ్‌పీ, అంటే హాలో పాయింట్. రెండోది మొదటిదాన్ని తుడిచేస్తోంది. వాడి సంచిలో ఎన్ని గుల్లమొనలుంటే వాడి ప్రాణం అంత!

ఇక్కడితో పోలేదు. ఏపీ కూడా అంతే. కవచాన్ని చీల్చే ఆర్మర్ పియర్సింగ్ ఏపీ, ఒక టర్నులో చేసే పనులకి ఖర్చయ్యే యాక్షన్ పాయింట్స్ కూడా ఏపీ. తెలుగువాళ్ళకి మూడో అర్థం కూడా ఉంది, దాని జోలికి పోను. అది ఇంకా పేలకుండా ఎలా ఆగిందో తెలీదు కానీ, ఆగి ఉన్నప్పుడే పీకేశాను.

ఈరోజు నుంచి కోడులోనూ, తెర మీదా తెలుగు పేర్లే: సాదా, గట్టిమొన, గుల్లమొన. ఇంట్లో చేసుకునే తూటాకి నాటు. కరువొచ్చి పెట్టిన పేర్లయినా చెవికి బాగున్నాయి. గుల్లమొన అంటే ముందు భాగంలో గుంట ఉండి ఒంట్లో దిగగానే విచ్చుకునేది అని వేరే చెప్పక్కర్లేదు. గట్టిమొన అంటే లోపల ఉక్కో టంగ్‌స్టనో ఉందని అర్థమైపోతుంది.

12వ రోజు

షాట్‌గన్. దీనికి ప్రత్యేక నియమం ఏదీ రాయకూడదని పంతం పట్టాను. 12 గేజ్ తూటాలో 8 పెల్లెట్లు, అంటే చిన్న గుళ్ళు, ఒక్కోటి 4 కొడుతుంది, గడప ఒక్కోదానికి విడిగా పడుతుంది. అదే తుపాకీలో స్లగ్ వేస్తే ఒకే పెద్ద గుండు, 28. అంతే రాశాను.

కుక్క మీద పెల్లెట్లు 32, స్లగ్ 28. దొంగ తోలు చొక్కా మీద ప్రతి పెల్లెట్టూ గడప దగ్గరే చచ్చిపోతుంది, కనీసం మాత్రమే దిగుతుంది. స్లగ్ 24 కొడుతుంది. ఒక్క నియమం కూడా అదనంగా రాయకుండా రెండు తూటాలకీ రెండు స్వభావాలు వచ్చేశాయి. ఇలాంటి రోజులు వారానికొకటి వస్తే చాలు.

గేజ్ అన్న మాట ఎక్కడిదో చాలామందికి తెలీదు. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఆ ఒక్కో గుండూ పట్టే గొట్టం 12 గేజ్. అందుకే 20 గేజ్ దానికన్నా సన్నం. సంఖ్య పెరిగితే తుపాకీ పెద్దదనుకుని నా జాబితాలో 20 గేజ్‌కి ఎక్కువ దెబ్బ రాసిపెట్టాను. దిద్దాను.

13వ రోజు

సంబరం ఒక్కరోజే. తమ్ముడు ఇనప రేకుల కాపలావాణ్ణి పెల్లెట్లతో కొట్టి చంపేశాడు, అదీ రైఫిల్ కన్నా త్వరగా.

కనీసం 20 శాతం అన్నాను కదా. 4లో 20 శాతం 0.8. దాన్ని పూర్తి సంఖ్య చేయమని నేనే ఎక్కడో పైకి సరిచేయించాను, కాబట్టి 1. ఎనిమిది పెల్లెట్లకి 8. సాదా రైఫిల్ తూటా అదే రేకు మీద 6. చిల్లర పైకి సరిచేసి రేకుని జల్లెడ చేశాను.

దశాంశాలు చివరిదాకా ఉంచి ఒక్కసారే సరిచేశాను. అయినా 0.8 ఎనిమిదిసార్లు 6.4, రైఫిల్ కన్నా ఇంకా ఎక్కువే. అప్పుడర్థమైంది, దోషం చిల్లరది మాత్రమే కాదు, 20 శాతానిది కూడా. ఎరువు తెచ్చుకున్న నియమం నా అంకెలకి సరిపోలేదు. 10 శాతం చేశాను. పెల్లెట్లు రేకు మీద 3.2కి దిగాయి. గుల్లమొన 4 నుంచి 2కి పడిపోయింది. అదీ మంచిదే, తప్పు తూటా వేసుకున్నానని ఆటగాడికి మొదటి దెబ్బకే తెలియాలి.

17వ రోజు

ఏ తూటా ఎక్కడ దొరకాలి? ఇన్నాళ్ళూ పెట్టెల్లో ఏదిపడితే అది చల్లేస్తున్నాను. ఈరోజు కాస్త లోకజ్ఞానం వాడాను.

ఒంట్లో విచ్చుకునే గుండ్లని దేశాల మధ్య యుద్ధంలో వాడకూడదని 1899 హేగ్ ప్రకటనలో ఉంది. అందుకే సైన్యాల మామూలు రైఫిల్ తూటాలు పూర్తి లోహపు తొడుగుతో ఉంటాయి. పోలీసులూ, వేటగాళ్ళూ మాత్రం గుల్లమొన వాడతారు, గుండు మనిషిలోంచో జంతువులోంచో దూసుకుపోయి వెనకున్నవాళ్ళకి తగలకూడదని ఒక కారణం. అంటే కూలిన సైనిక గిడ్డంగిలో సాదా, గట్టిమొన దొరకాలి. పోలీస్ స్టేషన్లో, అడవి అంచున వేటగాడి గుడిసెలో గుల్లమొన దొరకాలి. ఇంత చిన్న మార్పుతో మ్యాపుకి ప్రాణం వచ్చింది. ముందు ఏ శత్రువు ఉన్నాడో తెలిస్తే, వెనక ఎటు వెళ్ళాలో ఆటగాడే తేల్చుకుంటాడు.

ఇంకో మార్పు. శత్రువులు ఇకమీదట తమ దగ్గరున్న తూటాలే కాలుస్తారు. కాపలావాడి జేబులో ఆరు గట్టిమొనలుంటే, మన మీద నాలుగు కాల్చాక చస్తే, మనకి దొరికేవి రెండే. ఒక్క దెబ్బకి చంపితే ఆరూ మనవే. దాక్కుని కొట్టడానికి దొరికే బహుమతి ఇది, అనుభవ పాయింట్ల కన్నా నిజమైనది.

20వ రోజు

తూటానే డబ్బుగా పెడితే? 2010 నాటి మెట్రో 2033లో చేసిందదే. అది పాత్రని పెంచుకుంటూ ఆడే ఆర్పీజీ కన్నా కాల్పులే ప్రధానమైన షూటర్‌కే దగ్గర, అయినా ఈ ఆలోచన కోసం దాన్ని వదలలేం. యుద్ధానికి ముందు చేసిన సైనిక తూటాలు అక్కడ డబ్బు. వాటినే తుపాకీలో పెట్టి కాల్చొచ్చు కూడా, సొరంగాల్లో చేసిన మురికి తూటాల కన్నా గట్టిగా తగులుతాయి. ప్రాణం మీదికొస్తే పర్సు ఖాళీ చేసి బతకొచ్చు. 2019లో వచ్చిన మెట్రో ఎక్సోడస్‌లో ఈ పద్ధతి లేదు, నాకది లోటే.

మూడు రోజులు పెట్టి నా గేమ్‌లోకి తెచ్చాను. గట్టిమొనే డబ్బు. తమ్ముడు ఐదు గంటలు ఆడాడు. కుక్క కరిచి చచ్చిపోయాడు. చచ్చేటప్పటికి సంచిలో 112 గట్టిమొనలు, 40 సాదా. "కాల్చలేదేంరా?" అంటే "అవి డబ్బులు కదన్నయ్యా" అన్నాడు. "మరి సాదా?" "అవీ ఎందుకైనా మంచిదని ఉంచా."

పీకేశాను. తప్పు ఆ ఆలోచనది కాదు. అక్కడ సొరంగం ఇరుకు, నడిచే దారి ఒకటే, కాల్చక తప్పని పరిస్థితులు వస్తూనే ఉంటాయి. నా మ్యాపులో ఎటైనా పారిపోవచ్చు. పారిపోయేవాడి చేతిలో తూటాని డబ్బు చేస్తే వాడు పిసినారి అవుతాడు, వీరుడు కాడు.

24వ రోజు

నాటు తూటా. ఖాళీ కేసులూ సామానూ ఉంటే నాలుగు నిమిషాల ఆట సమయంలో డబ్బా తయారవుతుంది, డబ్బాకి 12. దెబ్బ 20కి బదులు 16. నొక్కితే అప్పుడప్పుడు తుస్సుమంటుంది. 12లో ఒక వంతు అవకాశం పెట్టాను.

తమ్ముడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వరసగా రెండు తుస్సుమంటే ఎవడికైనా మండుతుంది. లెక్క వేశాను: ప్రతి తూటాకీ విడిగా పాచిక వేస్తే, 100 డబ్బాల్లో దాదాపు 26 డబ్బాలకి రెండో అంతకన్నా ఎక్కువో తుస్సులు పడతాయి. 35 డబ్బాలకి ఒక్కటీ పడదు. తుస్సు పడని డబ్బాని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అందుకని పాచిక తీసేసి పేకముక్కల పద్ధతి పెట్టాను. ప్రతి డబ్బాలో సరిగ్గా ఒక్క తుస్సు, ఎక్కడుందో తెలీదు. అది వెళ్ళిపోతే మిగతావన్నీ ఖాయంగా పేలతాయి.

ఫలితం నేను ఊహించలేదు. తమ్ముడు డబ్బా తయారు చేయగానే ఖాళీ స్థలంలో గోడ మీద కాల్చడం మొదలుపెట్టాడు, తుస్సు బయటపడేదాకా. మూడో తూటాకే పడితే సంబరం, తొమ్మిది ఉన్నాయి, అన్నీ నమ్మకమైనవి. పదకొండోదాకా పడకపోతే తల పట్టుకోవడం. ఇది మోసమేమోనని ఆపబోయాను. కానీ వాడు గోడ మీద కాల్చేది కూడా తూటాలే కదా, ఆ చప్పుడుకి కుక్కలు కూడా వస్తాయి. ఉంచేశాను.

28వ రోజు

బరువు. ఫాల్అవుట్ 3లో తూటాకి బరువు లేదు, రెండు వేలు మోసుకుని పరిగెత్తొచ్చు. న్యూ వేగాస్‌లో కష్టంగా ఆడాలనుకునేవాళ్ళకిచ్చిన హార్డ్‌కోర్ మోడ్‌లో బరువు పెట్టారు, నా ఓటు దానికే. నిజం తూకాలే వాడాను: మీడియం పిస్టల్ తూటా సుమారు 12 గ్రాములు, పెద్ద రైఫిల్ తూటా సుమారు 25, 12 గేజ్ తూటా 45. నలభై స్లగ్‌లంటే 1.8 కిలోలు, అంటే దాదాపు రెండు లీటర్ల నీళ్ళు. నా గేమ్‌లో దాహం ఉంది.

మార్చడానికి ఖర్చు కూడా పెట్టాను. టర్నుకి 6 యాక్షన్ పాయింట్లు. కాల్చడానికి 3, రీలోడ్‌కి 2, తూటా రకం మార్చాలంటే 4. పాత ఫాల్అవుట్‌లో కొట్లాట మధ్యలో సంచి తెరిస్తే 4 పాయింట్లు పోయేవి, అక్కణ్ణించి తెచ్చుకున్నదే. దీంతో నిర్ణయం తలుపు తెరవక ముందే జరగాలి. తలుపు వెనక కుక్కా, కాపలావాడా అని చెవి పెట్టి వినే ఆటగాణ్ణి మొదటిసారి చూశాను ఈరోజు.

31వ రోజు

కోత. 23లో 14 పోయాయి. వెలుగుతూ దూసుకెళ్ళే ట్రేసర్ పోయింది, చీకటి వ్యవస్థ లేనిదే దానికి పని లేదు. ఫ్లేర్ పోయింది. నిప్పు కక్కే షాట్‌గన్ తూటా పోయింది, బాధేసింది. లేజర్ మూడు సెల్స్ ఒక బ్యాటరీగా మారాయి. ఫాల్అవుట్ 4లో ఫ్యూజన్ కోర్ అనే బ్యాటరీ పవర్ ఆర్మర్‌నీ నడుపుతుంది, గాట్లింగ్ లేజర్‌నీ నడుపుతుంది, నడకా కాల్పూ ఒకే జేబులోంచి ఖర్చు. నా బ్యాటరీ టార్చినీ లేజర్‌నీ నడుపుతుంది. కాలిస్తే చీకటి పడుతుంది. సరే, చీకటి వ్యవస్థ చేయాలి ఇక.

విల్లుకి ఒకటే బాణం మిగిలింది, తీసుకుని మళ్ళీ వాడుకోవచ్చు. గోడలో గుచ్చుకున్న బాణం మాత్రం ఇప్పటికీ గోడ లోపలికి పోయి దొరకడం లేదు. బగ్ రాసిపెట్టాను.

మిగిలినవి: పిస్టల్ సాదా, రైఫిల్ సాదా, గట్టిమొన, గుల్లమొన, నాటు, పెల్లెట్లు, స్లగ్, బ్యాటరీ, బాణం. తొమ్మిది.

బొమ్మలు వేసే స్నేహితుడు గట్టిమొనకి ఎర్ర రంగు, గుల్లమొనకి ఆకుపచ్చ వేసి పంపాడు. "ఎరుపూ పచ్చా తేడా తెలియనివాళ్ళు ఏం చేయాలిరా?" అంటే, "నిజంలోనూ మొనలకి రంగులే వేస్తారు కదరా" అన్నాడు. అన్నది నిజమే, అమెరికా సైన్యం గట్టిమొనకి నల్ల రంగు వాడుతుంది. అయినా తెర మీద 16 పిక్సెళ్ళలో రంగుని నమ్ముకోలేం. చివరికి ఆకారాలు మార్చాం. గట్టిమొనకి సూది మొన, గుల్లమొనకి మొన దగ్గర నల్ల చుక్క, నాటుకి వంకర అంచు. నాటు బొమ్మ చూస్తేనే భయమేస్తోంది, భలే వచ్చింది.

35వ రోజు

తమ్ముడు మొదటి నుంచి ఆడాడు. నేను వెనక కుర్చీలో, నోరు మూసుకుని.

పంపుహౌస్ దగ్గరికొచ్చేసరికి వాడి దగ్గర మూడు గట్టిమొనలు, ఒక స్లగ్, పన్నెండు గుల్లమొనలు, ఐదు నాటు. ఆ నాటు డబ్బాలో తుస్సు ఎప్పుడో గోడ మీద పోయింది. లోపల ఇద్దరు కాపలావాళ్ళు, ఒక కుక్క. కాపలావాడి ప్రాణం 25, గట్టిమొన రెండు తగిలితే సరి. కుక్క ప్రాణం 15. నాటు 16 కొడుతుంది.

తలుపు దగ్గర చెవి పెట్టాడు. సంచి తెరిచాడు. రైఫిల్లో నాటు పెట్టి, ఈల వేసి కుక్కని ముందు బయటికి రప్పించాడు. ఒక్క తూటా. వెనక్కి వెళ్ళి గట్టిమొన ఎక్కించుకుని, కిటికీలోంచి మొదటి కాపలావాణ్ణి రెండు దెబ్బలకి పడేశాడు, వాడు ఒక్కటీ కాల్చకుండానే. వాడి జేబులో ఆరు సాదా, రెండు గట్టిమొన. రెండోవాడు మెట్ల మీదినుంచి దిగుతున్నాడు. ఇప్పుడు చేతిలో మూడు గట్టిమొనలున్నాయి, చంపొచ్చు. చంపలేదు. నీళ్ళ డబ్బా ఎత్తుకున్నాడు. బరువు మించిపోయి కాలు కదల్లేదు.

సంచి మళ్ళీ తెరిచాడు. ఒక్కోదాని మీదా కర్సరు పెట్టి ఆగుతున్నాడు. స్లగ్. నాటు. గట్టిమొన. మెట్ల మీద అడుగులు దగ్గరికొస్తున్నాయి, టర్న్ గేమ్ అని తెలిసినా నాకు టెన్షన్. చివరికి గుల్లమొన పన్నెండూ తీసి నేల మీద పారేశాడు. ముందున్నది సైనిక శిబిరం, అక్కడ అందరికీ రేకులే.

కిటికీ దూకి వెనక్కి తిరిగాడు. "ఆ రెండోవాడి దగ్గర గట్టిమొన ఉంటుంది కదన్నయ్యా? రేపొచ్చి తీసుకుంటా."

వాడి జేబులో నాలుగున్నాయి. చెప్పలేదు.